పదహారు కిలోబైట్లలో ఇమిడిన భాష

ఏటీమెగా168 అని ఒక చిప్ ఉంది. చిటికెన వేలి గోరంత ఉంటుంది. ప్రోగ్రామ్ రాసుకోవడానికి అందులో ఉన్న చోటు 16 కిలోబైట్లు. పని చేస్తుండగా లెక్కలు గుర్తుపెట్టుకోవడానికి ఉన్న ర్యామ్ ఒక్క కిలోబైట్, అంటే 1024 బైట్లు. ఇదెంత తక్కువో తెలుసుకోవడానికి దూరం వెళ్లక్కర్లేదు. కంప్యూటర్లు యూనికోడ్‌ను దాచుకునే మామూలు పద్ధతిలో ఒక తెలుగు అచ్చుకో హల్లుకో మూడు బైట్లు పడతాయి. దానికి గుడి పెడితే ఇంకో మూడు, కొమ్ము పెడితే ఇంకో మూడు. ఆ లెక్కన మీరు చదువుతున్న ఈ వ్యాసం ఆ చిప్‌లో పట్టదు. ఈ ఒక్క పేరా కూడా దాని ర్యామ్‌లో ఇమడదు.

అంత చిన్న చిప్ చేత కూడా, ప్రపంచమంతా ఒప్పుకున్న భాషలో, వేరే కంపెనీ తయారుచేసిన యంత్రంతో మాట్లాడించే ప్రోగ్రామ్ ఒకటి ఉంది. పేరు బ్యాక్‌నెట్ స్టాక్. దాని సోర్స్ కోడ్‌ను ఎవరైనా తీసుకోవచ్చు, చదవొచ్చు, మార్చుకోవచ్చు, తాము తయారుచేసే పరికరంలో పెట్టి అమ్ముకోవచ్చు. పైసా కట్టక్కర్లేదు. ఆ ప్రోగ్రామ్ ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఆ భాష ఎలా పుట్టిందో చెప్పాలి. ఆ భాష పుట్టింది భవనాల్ని చల్లగా, వెచ్చగా ఉంచే ఇంజనీర్ల విసుగులోంచి.

గాలికి కంపెనీ లేదు

పెద్ద భవనం చల్లగా ఉండటం వెనక చాలా యంత్రాల పని ఉంటుంది. నేలమాళిగలోనో డాబా మీదో చిల్లర్ నీటిని చల్లబరుస్తుంది. పంపులు ఆ నీటిని అంతస్తులకు ఎక్కిస్తాయి. అంతస్తులో ఏహెచ్‌యూ అనే పెద్ద పెట్టె ఆ చల్లని గొట్టాల మీదుగా గాలిని తోసి గదుల్లోకి వదులుతుంది. గదిలో సెన్సర్ ఉష్ణోగ్రత చెబుతుంది, దాన్నిబట్టి వాల్వు కొంచెం తెరుచుకుంటుంది, ఫ్యాన్ వేగం మారుతుంది. ఇవన్నీ ఒకదాని మాట ఒకటి వినాలి. వినకపోతే ఒక గదిలో వణుకు, పక్క గదిలో ఉక్కపోత, నెలాఖరున తడిసి మోపెడయ్యే కరెంటు బిల్లు.

యంత్రాల ఈ మాటామంతీకి పాత చరిత్రే ఉంది. 1883లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో వారెన్ జాన్సన్ అనే ఉపాధ్యాయుడు, తరగతి గదిలో ఉష్ణోగ్రత ఎంతుందో కింద కొలిమి దగ్గరున్న మనిషికి విద్యుత్తుతో తెలియజేసే పరికరానికి పేటెంట్ తీసుకున్నారు. తర్వాత దశాబ్దాలపాటు భవనాల్లో థర్మోస్టాట్ మాట వాల్వుకు చేరింది సన్నని గొట్టాల్లోని గాలి పీడనం ద్వారా. చదరపు అంగుళానికి 3 పౌండ్ల నుంచి 15 పౌండ్ల వరకు ఉండే పీడనం అది. ఒక కంపెనీ థర్మోస్టాట్‌కు ఇంకో కంపెనీ వాల్వు తగిలించినా పని జరిగిపోయేది. గాలికి కంపెనీ ఏముంది?

1980ల్లో మైక్రోప్రాసెసర్ చవకైంది. గాలి గొట్టాల స్థానంలో డిజిటల్ కంట్రోలర్లు వచ్చాయి. పని చురుగ్గా, కచ్చితంగా జరగసాగింది. ఆఫీసులో కూర్చుని కంప్యూటర్ తెర మీద ఏ అంతస్తులో ఏం జరుగుతోందో చూసుకునే వీలు కలిగింది. అయితే దీంతోపాటు ఒక చిక్కు కూడా వచ్చిపడింది. ప్రతి కంపెనీ తన కంట్రోలర్లు మాట్లాడుకునే పద్ధతిని తనే తయారుచేసుకుంది, దాన్ని రహస్యంగా దాచుకుంది. ఒక కంపెనీ కంట్రోలర్లతో భవనం కట్టుకున్నవాళ్లు, పదేళ్ల తర్వాత ఒక గది కలిపినా మళ్లీ ఆ కంపెనీ గుమ్మమే ఎక్కాలి. వాళ్లు చెప్పిందే ధర. వాళ్లు పంపినవాడే మెకానిక్. గాలి గొట్టాల కాలంలో ఉన్న స్వేచ్ఛ, కంప్యూటర్ల కాలంలో పోయింది.

ఈ బాధ బాగా తెలిసినవారిలో ఒకరు హెచ్. మైఖేల్ న్యూమన్. న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా అనే ఊళ్లో ఉన్న కార్నెల్ యూనివర్సిటీలో, క్యాంపస్ భవనాల వ్యవస్థల్ని కంప్యూటర్లతో నడిపే పని ఆయనది. ఒక క్యాంపస్ అంటే ఒక్కసారి కట్టి వదిలేసేది కాదు. ఇవాళ ఒక ల్యాబ్, వచ్చే ఏడాది ఒక హాస్టల్, ఆ పైన ఒక లైబ్రరీ. టెండరు పిలిచిన ప్రతిసారీ కొత్త కంపెనీ రావచ్చు. కొత్త కంపెనీ కంట్రోలర్లు పాతవాటితో మాట్లాడవు. కొనేవాడి వైపు నిలబడి చూసినవాడు కాబట్టే న్యూమన్‌కు, కంపెనీలన్నీ ఒక భాషకు ఒప్పుకోవడం తప్ప దీనికి వేరే మందు లేదని అర్థమైంది.

నాష్‌విల్‌లో మొదలైన ఎనిమిదిన్నరేళ్లు

అమెరికాలో ఏసీ, శీతలీకరణ ఇంజనీర్ల సంఘం పేరు ఆష్రే. 1987 జూన్‌లో టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరంలో ఆ సంఘం తరఫున ఒక కమిటీ మొదటిసారి సమావేశమైంది. అధ్యక్షుడు న్యూమన్. బల్ల చుట్టూ కూర్చున్నవారిలో కంట్రోలర్లు తయారుచేసే కంపెనీలవాళ్లు ఉన్నారు, భవనాల యజమానుల తరఫువాళ్లు ఉన్నారు, సలహా ఇంజనీర్లు ఉన్నారు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ నుంచి స్టీవెన్ బుష్‌బీ ఈ పనిలో మొదటి వరసలో నిలిచారు. తర్వాతి కాలంలో న్యూమన్ నుంచి కమిటీ పగ్గాలు అందుకున్నది కూడా ఆయనే.

వాళ్లు ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఒక్కో కంపెనీ కంట్రోలర్ లోపల ఒక్కో రకంగా ఉంటుంది. లోపలి సంగతి ఎవరూ బయటపెట్టరు. మరి ఒకదాని గురించి ఇంకొకటి ఎలా మాట్లాడాలి? దీనికి కమిటీ కనిపెట్టిన జవాబు చాలా గట్టిది. లోపల ఏమున్నా సరే, బయటికి మాత్రం అందరూ ఒకే రకం ‘వస్తువులు’ చూపించాలి. ఉష్ణోగ్రత సెన్సర్ అయితే అది ‘అనలాగ్ ఇన్‌పుట్’. ఫ్యాన్ ఆన్-ఆఫ్ చేసే స్విచ్ అయితే అది ‘బైనరీ అవుట్‌పుట్’. ప్రతి వస్తువుకీ కొన్ని లక్షణాలు: పేరు, ప్రస్తుత విలువ, కొలిచే ప్రమాణం, పనిచేస్తోందా లేదా. ఎవరి ఇల్లు ఎలా ఉన్నా గుమ్మం మాత్రం ఒకే కొలతలో ఉండాలన్నట్టు.

గుమ్మం దగ్గర ఆడే మాటలూ తేల్చారు. నెట్‌వర్క్‌లోకి కొత్తగా వచ్చిన పరికరం ‘ఎవరున్నారు?’ అని అందరినీ ఉద్దేశించి అడుగుతుంది. ఉన్నవన్నీ ‘నేనున్నాను’ అని తమ నంబరు చెబుతాయి. ఆ తర్వాత ‘ఫలానా వస్తువు విలువ ఎంత?’, ‘ఫలానా విలువ ఇంతకు మార్చు’, ‘విలువ మారినప్పుడు నాకు చెప్పు’. ఒకే ఫ్యాన్‌కు ఇద్దరు వేర్వేరు ఆజ్ఞలు ఇస్తే ఎవరి మాట చెల్లాలన్నదీ రాశారు. ఆజ్ఞలకు 16 అంతరువులు పెట్టారు. ప్రాణరక్షణకు సంబంధించిన ఆజ్ఞ మొదటి అంతరువులో ఉంటుంది. టైమ్‌టేబుల్ ప్రకారం ఫ్యాన్ తిరగాల్సిన వేళ అయినా, మంటలొచ్చాయి ఆపమన్న ఆజ్ఞ పై అంతరువులోంచి వస్తే ఆగాల్సిందే. ఆ పై ఆజ్ఞ వెనక్కి తీసుకోగానే కింది అంతరువులోని ఆజ్ఞ తనంతట తనే మళ్లీ అమల్లోకి వస్తుంది. భవనాల్ని దగ్గరుండి నడిపినవాళ్లకు మాత్రమే తట్టే ఏర్పాటు ఇది.

నాష్‌విల్ నుంచి ఎనిమిదిన్నరేళ్లు పట్టింది. ముసాయిదాలు రాయడం, బహిరంగంగా అభిప్రాయాలు అడగడం, వచ్చిన ప్రతి అభ్యంతరానికీ జవాబు చెప్పడం, మళ్లీ రాయడం. 1995లో ‘బ్యాక్‌నెట్’ ఆష్రే 135వ నంబరు ప్రమాణంగా వెలువడింది. 2003లో అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. మధ్యలో, 1999లో, ఇంటర్నెట్ పద్ధతిలో బ్యాక్‌నెట్ మాటలు పంపే విధానం చేర్చారు. దానికి ఎంచుకున్న పోర్టు నంబరు 47808. కంప్యూటర్లవాళ్లు వాడే, పదహారు ఆధారంగా సాగే లెక్కలో ఆ నంబరును బి, ఏ, సి, సున్నా అని రాస్తారు. భాష తన పేరును తన తలుపు మీదే రాసుకుంది.

పుస్తకం ఉంది, ప్రోగ్రామ్ ఏది?

ప్రమాణం వచ్చింది. 1990ల రెండో సగంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ అవెన్యూ మీదున్న ఫెడరల్ భవనంలో పాత నియంత్రణ వ్యవస్థ తీసేసి బ్యాక్‌నెట్ పెట్టారు. అంత పెద్ద భవనంలో అది నిలబడటంతో నమ్మకం కుదిరింది. బ్యాక్‌నెట్ వాడుకోవడానికి ఎవరికీ రాయల్టీ కట్టక్కర్లేదు. పరికరాలు తయారుచేసేవాళ్లు అడిగితే ఆష్రే ఒక తయారీదారు నంబరు ఉచితంగా ఇస్తుంది. ఇంతకన్నా తెరిచిన తలుపు ఏముంటుంది అనిపిస్తుంది.

కానీ ప్రమాణం అంటే పుస్తకం. వందల పేజీల పుస్తకం. ఏ బైటు తర్వాత ఏ బైటు రావాలో, ఏ మాటకు ఎంతసేపట్లో జవాబివ్వాలో, పాడైన మాట వస్తే ఏం చేయాలో అందులో ఉంటుంది. దాన్ని చదివి, అర్థం చేసుకుని, తప్పుల్లేకుండా ప్రోగ్రామ్‌గా మలచడం నెలల పని. పెద్ద కంపెనీలకు అందుకు జట్లున్నాయి. నలుగురు ఇంజనీర్లున్న చిన్న కంపెనీ, మంచి లైటింగ్ కంట్రోలరో మంచి మీటరో చేయగలిగిన కంపెనీ, ఏం చేయాలి? సిద్ధంగా ఉన్న ప్రోగ్రామ్ డబ్బిచ్చి కొనుక్కోవాలి, లేదా బ్యాక్‌నెట్ ఊసెత్తడం మానుకోవాలి. మానుకుంటే టెండరులో చోటు లేదు. భాష అందరిదే, కాని పలకడం నేర్చుకునే ఖర్చు కొందరికే అందుబాటులో ఉంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. భవనంలో ఎక్కువ సంఖ్యలో ఉండేవి చిన్న పరికరాలు. గదికొకటి, ఒక్కోసారి గదికి మూడు. వాటిలో పెట్టే చిప్‌లు వ్యాసం మొదట్లో చెప్పిన ఏటీమెగా168 లాంటివి. ఆపరేటింగ్ సిస్టమ్ ఉండదు, హార్డ్ డిస్క్ ఉండదు. పెద్ద కంప్యూటర్ కోసం రాసిన ప్రోగ్రామ్ అందులోకి దూరదు.

స్టీవ్ కార్గ్ ఫైళ్లు

ఈ ఖాళీని పూరించిన పని మీద ఉన్న ప్రధానమైన పేరు స్టీవ్ కార్గ్. ఆయన రాసిన తొలి ఫైళ్ల నెత్తిన ఉండే కాపీరైట్ వరసల్లో 2003, 2004, 2005 అనే ఏళ్లు కనబడతాయి. సోర్స్‌ఫోర్జ్ అప్పట్లో ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌లకు పెద్ద సంత. తన కోడ్‌ను కార్గ్ అక్కడ అందరి ముందూ పెట్టారు. ‘చిన్న పరికరాల కోసం బ్యాక్‌నెట్’ అన్నది మొదటి రోజు నుంచీ దాని ధ్యేయం. ఆష్రే ఇచ్చే తయారీదారు నంబర్ల జాబితాలో 260వ నంబరు ఈ ప్రాజెక్టు పేరిటే ఉంది. పెద్ద పెద్ద కంపెనీల పేర్ల మధ్య, అమ్మడానికి ఏమీ లేని ఒక ప్రాజెక్టు పేరు.

కోడ్‌ను సి భాషలో రాశారు. చిన్న చిప్‌లకు అది మాతృభాష లాంటిది. లోపల రెండు నిర్ణయాలు ఈ ప్రోగ్రామ్‌ను నిలబెట్టాయి.

మొదటిది, వాడనిదాన్ని మోయనక్కర్లేదు. బ్యాక్‌నెట్‌లో సేవలు చాలా ఉన్నాయి. ఒక ఉష్ణోగ్రత సెన్సర్‌కు వాటిలో కావాల్సినవి మూడో నాలుగో. అందుకని ఒక్కో సేవకు ఒక్కో చిన్న ఫంక్షన్ పెట్టి, కావాల్సినవాటిని మాత్రమే పేరుపేరునా నమోదు చేసుకునే ఏర్పాటు చేశారు. నమోదు చేయనివి తయారయ్యే ప్రోగ్రామ్‌లోకి రానే రావు, చిప్‌లో చోటు తినవు. నమోదు కాని సేవను ఎవరైనా అడిగితే ‘ఇది నాకు తెలియదు’ అని ప్రమాణం ప్రకారమే మర్యాదగా జవాబు వెళుతుంది. ఈ సర్దుబాటుకు ప్రమాణంలోనే వీలుంది: ఒక పరికరం ఒకసారికి తీసుకోగల సందేశం 50 బైట్లే అని చెప్పుకున్నా బ్యాక్‌నెట్ ఒప్పుకుంటుంది. న్యూమన్ కమిటీ పేదవాడి చిప్‌కు కూడా చోటు ఉంచింది. కార్గ్ కోడ్ ఆ చోటును వాడుకుంది.

రెండోది, మాట వేరు, మాట వెళ్లే దారి వేరు. సందేశాన్ని కూర్చే భాగానికి, అది రెండు వైర్ల మీద పోతోందో ఈథర్‌నెట్ కేబుల్ మీద పోతోందో తెలియనక్కర్లేదు. దారిని కంపైల్ చేసేటప్పుడు ఎంచుకుంటే చాలు. అలాగే చిప్‌కు సంబంధించిన కోడ్ అంతా విడిగా ఒక సంచిలో ఉంటుంది. లినక్స్, విండోస్ నుంచి ఏటీమెగా168, పిక్, ఆర్మ్ చిప్‌ల దాకా ఒక్కోదానికి ఒక్కో సంచి. కాలేజీ పిల్లలు ప్రాజెక్టులకు కొనుక్కునే ఆర్డుయినో ఊనో బోర్డుకు కూడా ఒకటుంది. కొత్త చిప్ వస్తే ఆ సంచి ఒక్కటి రాసుకుంటే సరిపోతుంది.

సందేశం ఎంత పొదుపుగా ఉంటుందో దగ్గరగా చూద్దాం. ఒక కంట్రోలర్‌ను ‘నీ ఒకటో నంబరు ఉష్ణోగ్రత సెన్సర్ ప్రస్తుత విలువ ఎంత?’ అని అడగాలి. ఇది ఒక ప్రశ్న అని చెప్పడానికి ఒక బైటు. ఎంత పెద్ద జవాబు తీసుకోగలనో చెప్పడానికి ఒకటి. ప్రశ్నకు వరస నంబరు ఒకటి. ‘లక్షణం చదువు’ అనే సేవ నంబరు 12, దానికి ఒకటి. ఏ వస్తువు అన్నదానికి గుర్తుతో కలిపి అయిదు. ఏ లక్షణం అన్నదానికి గుర్తుతో కలిపి రెండు. ప్రస్తుత విలువ అనే లక్షణానికి బ్యాక్‌నెట్ ఇచ్చిన నంబరు 85. మొత్తం కలిపితే ప్రశ్న 11 బైట్లు. జవాబు 17 బైట్లు. అందులో అసలు ఉష్ణోగ్రత, 24.5 డిగ్రీలు అనుకోండి, నాలుగు బైట్లలో కూర్చుంటుంది. ఇంత చిన్న మాట కాబట్టే అంత చిన్న చిప్ పలకగలిగింది.

ఇంకో మంచి అలవాటు కూడా ఆ ఫైళ్లలో కనబడుతుంది. తొలి రోజుల కోడ్‌లో చాలా ఫైళ్ల చివర ఆ ఫైలును పరీక్షించే చిన్న ప్రోగ్రామ్ కూడా అక్కడే రాసి ఉండేది. ఒక విలువను బైట్లుగా మార్చి, మళ్లీ వెనక్కి విలువగా మార్చి, మొదటిదే వచ్చిందా అని చూడటం. చిప్‌లో ఎక్కించాక తప్పు పట్టుకోవడం కష్టం కాబట్టి, కంప్యూటర్ మీదే ముక్కముక్కగా సరిచూసుకోవడం.

రెండు వైర్లు, ఒక టోకెన్

బ్యాక్‌నెట్‌లో అన్నిటికన్నా చవకైన దారి, అన్నిటికన్నా తిప్పలు పెట్టే దారీ, ఒకటే. ఆర్ఎస్-485 అనే పద్ధతిలో, మెలిపెట్టిన రెండు వైర్ల మీద నడిచే టోకెన్ పద్ధతి అది. పది, ఇరవై, ముప్పై కంట్రోలర్లను ఒకదాని తర్వాత ఒకటిగా దండ గుచ్చినట్టు ఆ వైర్లకు తగిలిస్తారు. రెండు కంట్రోలర్లు ఒకేసారి మాట్లాడితే ఏదీ వినపడదు. కాబట్టి వంతు ఉండాలి.

పంతులుగారు లేని తరగతిని ఊహించుకోండి. ఒక సుద్దముక్క ఉంది. అది చేతిలో ఉన్నవాళ్లే మాట్లాడాలి, మాట్లాడి పక్కవాళ్లకు ఇవ్వాలి. ఆ సుద్దముక్కే టోకెన్. వైరు మీద అది ఎనిమిది బైట్లు: మాట మొదలవుతోందని చెప్పే గుర్తులు రెండు, ఇది టోకెన్ అని చెప్పేది ఒకటి, ఎవరికి అన్నది ఒకటి, ఎవరి నుంచి అన్నది ఒకటి, వెనక ఎంత సమాచారం ఉందో చెప్పేవి రెండు (టోకెన్‌కు అవి సున్నాలే), తప్పు పడిందేమో సరిచూసుకునేది ఒకటి. సెకనుకు 38,400 బిట్ల వేగంలో ఈ ఎనిమిది బైట్లు వెళ్లడానికి రెండు మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది.

సుద్దముక్క పోతే? టోకెన్ పుచ్చుకుని మాట్లాడటం మొదలెట్టిన కంట్రోలర్‌కు మధ్యలోనే కరెంటు పోయిందనుకోండి. దాన్ని కనిపెట్టడానికి పెద్ద మనిషి ఎవరూ లేరు. ప్రమాణం దీనికి చెప్పిన ఉపాయం ముచ్చటగా ఉంటుంది. వైరు మీద 500 మిల్లీసెకన్లు నిశ్శబ్దం ఉంటే టోకెన్ పోయినట్టు లెక్క. అప్పుడు ఒక్కో కంట్రోలర్ తన చిరునామా నంబరును పదితో హెచ్చవేసి అన్ని మిల్లీసెకన్లు అదనంగా ఆగాలి. మూడో నంబరు 530 దగ్గర లేస్తుంది, ఏడో నంబరు 570 దగ్గర లేవాలి. కానీ అప్పటికే మూడోది గొంతు విప్పి ఉంటుంది, ఏడోది విని ఊరుకుంటుంది. ఎవరూ చెప్పకుండానే, కొట్లాట లేకుండానే, వరస మళ్లీ మొదలవుతుంది.

ప్రమాణంలో ఈ వ్యవహారమంతా స్థితుల పట్టికలా రాసి ఉంటుంది: ఖాళీగా ఉండటం, టోకెన్ వాడటం, జవాబు కోసం ఆగడం, టోకెన్ అందించడం, టోకెన్ పోవడం, కొత్తవాళ్ల కోసం వెతకడం. కార్గ్ కోడ్‌లో ఈ భాగం చదివితే, పుస్తకంలోని ఆ స్థితుల పేర్లే, పుస్తకంలోని ఆ మలుపుల పేర్లే ఫంక్షన్‌లో కనబడతాయి. తెలివి చూపించుకోవడానికి కుదించి రాసిన కోడ్ కాదది. ఒక చేత్తో ప్రమాణం, ఇంకో చేత్తో కోడ్ పట్టుకుని పక్కపక్కనే సరిచూసుకోవచ్చు. భాష నేర్చుకునేవాడికి ఇంతకు మించిన వాచకం దొరకదు.

టోకెన్ వైరుకు ఇంకో కష్టం ఉంది. తప్పు జరిగితే కంటికి కనపడదు. సైట్‌లో నిచ్చెన మీద నిలబడి, సీలింగ్ పలక తీసి, ఏ కంట్రోలర్ గొంతు నొక్కుతోందో ఊహించుకోవడమే మిగిలేది. ఈ ప్రాజెక్టులోనే, వైరు మీద పోతున్న ప్రతి బైటునూ పట్టుకుని ఫైలుగా రాసే చిన్న పనిముట్టు ఒకటి తయారైంది. ఆ ఫైలును వైర్‌షార్క్ అనే ప్రసిద్ధమైన ఉచిత ప్రోగ్రామ్‌లో తెరిస్తే, ఎవరు ఎవరికి టోకెన్ ఇచ్చారో, ఎవరు ఆలస్యం చేశారో మిల్లీసెకన్లతో సహా వరసగా కనబడుతుంది. వైర్‌షార్క్‌కు ఈ రెండు వైర్ల భాషను అర్థం చేసుకునే భాగాన్ని 2008 ప్రాంతంలో రాసి ఇచ్చినదీ కార్గే. ల్యాప్‌టాప్, ఒక చిన్న యూఎస్‌బీ కన్వర్టర్ ఉంటే చాలు, మెకానిక్ చేతికి వైద్యుడి స్టెతస్కోపు వచ్చినట్టే.

లైసెన్స్‌లో ఒక వాక్యం

కోడ్ ఎంత బాగున్నా, ఒక కాగితం దగ్గర ఈ కథ ఆగిపోయేదే. ప్రాజెక్టు ఎంచుకున్నది జీపీఎల్ లైసెన్స్. దాని సారం ఇది: ఈ కోడ్ కలిపి ఏదైనా తయారుచేసి పంచితే, ఆ మొత్తం సోర్స్ కోడ్‌ను కూడా తీసుకున్నవాళ్లకు ఇవ్వాలి. ఓపెన్ సోర్స్ లోకంలో ఇది గొప్ప సూత్రం. కానీ చిన్న చిప్‌లో పరిస్థితి వేరు. అందులో బ్యాక్‌నెట్ కోడ్, కంపెనీ సొంత కోడ్ ఒకే ముద్దగా కలిసి ఎక్కుతాయి. ఒక మీటరు కంపెనీ ఏళ్ల తరబడి మెరుగుపరుచుకున్న కొలత లెక్కల్ని బయటపెట్టాల్సి వస్తే, ఆ కంపెనీ ఈ కోడ్ దరిదాపులకు రాదు.

అందుకని లైసెన్స్‌కు ఒక మినహాయింపు వాక్యం చేర్చారు. ఈ ఫైళ్లను మీ సొంత కోడ్‌తో కలిపినంత మాత్రాన మీ కోడ్ జీపీఎల్ కిందికి రాదు. అయితే ఈ ఫైళ్లను పరికరంలో పెట్టి ఇస్తే, ఈ ఫైళ్ల వరకు, మీరు చేసిన మార్పులతో సహా, సోర్స్ కోడ్ ఇవ్వాలి. మీ ఇంటి సంగతి మీది, ఊరి బావి మాత్రం ఊరిది. బావిలో పూడిక తీస్తే ఆ ఫలం అందరికీ దక్కాలి. ఆ ఒక్క వాక్యంతో అమ్ముకునేవాళ్లు కూడా ధైర్యంగా లోపలికి వచ్చారు. తమ చిప్‌కు కావాల్సిన సంచి రాసినవాళ్లు దాన్ని వెనక్కి ఇచ్చారు. తప్పులు పట్టుకున్నవాళ్లు సవరణలు పంపారు.

నా దృష్టిలో బ్యాక్‌నెట్ కథలో అసలు మలుపు ఇక్కడే ఉంది. 1987లో కూర్చున్న కమిటీ తెరిచింది నియమాల తలుపు. చిన్న చిప్‌లో పట్టే కోడ్ రెండో తలుపు. ఆ కోడ్‌ను భయం లేకుండా వాడుకోనిచ్చే లైసెన్స్ మూడోది. మూడూ తెరుచుకుంటేనే ప్రమాణం నిజంగా అందరిదీ అవుతుంది. మొదటి తలుపు ఒక్కటే తెరిచి ఆగిపోయిన మంచి ప్రమాణాలు సాంకేతిక రంగంలో చాలానే ఉన్నాయి.

ఇవాళ్టి సంగతి

రెండు దశాబ్దాలు దాటినా ప్రాజెక్టు ఆగలేదు. సోర్స్‌ఫోర్జ్ నుంచి గిట్‌హబ్‌కు ఇల్లు మారింది. చిన్న పరికరాల కోసం వచ్చిన జెఫైర్ అనే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కూ సంచి వచ్చింది. లైట్లకు, రంగులు మారే దీపాలకు బ్యాక్‌నెట్ కొత్త వస్తువులు చేర్చినప్పుడు, వాటిని పలికే కోడ్ కూడా ఇందులో చేరింది.

కష్టాలు కూడా పెద్దవవుతున్నాయి. బ్యాక్‌నెట్ రాసిన రోజుల్లో భవనం నెట్‌వర్క్ అంటే భవనం గోడల మధ్య ఉండేదే. మాటలకు తాళం వేయడం వాడుకలో పెద్దగా లేదు. ‘ఎవరున్నారు?’ అని అడిగితే పరికరం ఎవరికైనా జవాబు చెప్పేస్తుంది. ఇంటర్నెట్‌కు నేరుగా తగిలించిన భవనానికి ఇది ప్రమాదం. అందుకే 2020 నాటి ప్రమాణంలో, బ్యాంకు వెబ్‌సైట్లు వాడే తరహా రహస్య లిపితో మాట్లాడే కొత్త దారి చేర్చారు. దానికి కావాల్సిన లెక్కలు 16 కిలోబైట్ల చిప్ మోయలేదు. చిన్న పరికరాలు రెండు వైర్ల మీద తమలో తాము మాట్లాడుకుంటూ, బయటి ప్రపంచంతో మాట్లాడే పని కాస్త పెద్ద చిప్‌కు అప్పగించడమే ప్రస్తుతానికి మార్గం.

మన దగ్గర కూడా పెద్ద ఏసీ భవనం కట్టే ప్రతిచోటా ఈ మాట వినబడుతుంది. హైదరాబాద్‌లో ఐటీ టవర్ల నేలమాళిగల్లో, పెద్ద ఆసుపత్రుల ప్లాంట్ గదుల్లో భవన నిర్వహణ వ్యవస్థల (బీఎంఎస్) మీద పనిచేసేవాళ్లను అడగండి, బ్యాక్‌నెట్ పేరు తెలియనివారు అరుదు. వాడటం మనకు బాగా వచ్చు. అయితే ఆ గోడకు తగిలించిన కంట్రోలర్‌ను మనం తయారుచేయగలమా అన్నది నన్ను వదలని ప్రశ్న. ఒకప్పుడు దానికి జవాబు ‘అంత ఖర్చు మనవల్ల కాదు’. ఇప్పుడు ఆ జవాబు చెల్లదు.

ఎలక్ట్రానిక్స్ చదువుతున్న పిల్లలకు, వాళ్లకు చివరి ఏడాది ప్రాజెక్టులు ఇచ్చే అధ్యాపకులకు ఒక మనవి. ఎల్ఈడీ మినుకుమినుకుమనే ప్రాజెక్టు ఇక చాలు. రెండు ఆర్డుయినో బోర్డులు, రెండు ఆర్ఎస్-485 మాడ్యూళ్లు, మెలిపెట్టిన రెండు వైర్లు, ఒక యూఎస్‌బీ కన్వర్టర్ తెచ్చుకోండి. బ్యాక్‌నెట్ స్టాక్ దింపుకుని, రెండు వైర్ల దారికి తగ్గట్టు సర్దుకుని బోర్డులో ఎక్కించండి. కన్వర్టర్ పెట్టి వైరును వినండి. ఎనిమిది బైట్ల టోకెన్ ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకు వెళ్లడం మీ తెర మీద కనబడుతుంది. ఒక బోర్డు వైరు పీకేసి చూడండి. ఉన్న బోర్డు ఎంతసేపు ఆగిందో, కొత్త జోడు కోసం ఎలా వెతికిందో లెక్కపెట్టండి. ఏదైనా తప్పు కనబడితే సరిదిద్ది వెనక్కి పంపండి. 2003 నుంచి ఆ ఫైళ్ల మీద చేయి వేసినవాళ్లంతా చేసింది అదే.